పాటిగడ్డ మీది వెండి వెన్నెల

ఎక్కడి టైబర్ నది, ఎక్కడి మా హుస్సేన్‌మియా వాగు! ఎక్కడి పాలరాతి కొలువులు, ఎక్కడి పెద్దబొంకూరు పాటిగడ్డ! ఓ వెండి దీనారమా, ఓ వెన్నెల పెచ్చా! కడలి దాటి, కనుమలు దాటి, సార్థవాహుల సంచుల్లో సవ్వడి చేస్తూ వచ్చి, మా పెద్దపల్లి మట్టిలో పవళించిన పరదేశీ! దాదాపు 22,000 శాతవాహన నాణేలు దొరికిన చోట, తొండమెత్తిన ఏనుగుల నడుమ, సీసపు నలుపుల నడుమ, అగస్టస్ సీజర్‌ను మోస్తూ నువ్వొక్కదానివి తళుక్కుమన్నావు.

మన దేశానికి మందలుగా తరలివచ్చిన నీ తోబుట్టువులను తలచుకుంటాను. ఎత్తిన మెడ, చెదరని ముంగురులు, తల చుట్టూ లారెల్ ఆకుల దండ. డెబ్బై అయిదేళ్లు బతికిన మనిషికి వెండి మీద ఒక్క ముడతా పడలేదు! అంచు వెంట అక్షరాల కాపలా: దేవుడైనవాడి కొడుకట, దేశానికి తండ్రట. నాలుగు గ్రాములైనా తూగని ఒంటి మీద ఎంత సామ్రాజ్యం మోశారమ్మా మీరు!

తిప్పి చూస్తే గయస్, లూషియస్. కూతురి కడుపున పుట్టి, తాతకు దత్తుపోయిన పిల్లలు. డాళ్ల మీద చేతులాన్చి, పక్కన ఈటెలతో, రేపటి రోమ్ మాదేనన్నట్టు నిలబడ్డారు. లూషియస్ క్రీ.శ. 2లో పోయాడు, గయస్ క్రీ.శ. 4లో పోయాడు. సింహాసనం ఎక్కనే లేదు. మీ వెండి కొలువు మాత్రం దిగనే లేదు.

నల్లగొండ అక్కనపల్లిలో బయటపడిన రోమన్ వెండి రాశిలో ఎన్ని మొహాల మీద ఉలిగాట్లో! చక్రవర్తి చెంపను చీల్చిన ఆ చేయి ఎవరిది? పరాయి ప్రభువును కొట్టేశారని కొందరంటారు. నాకైతే అది వర్తకుడి చేయే అనిపిస్తుంది. లోపల రాగి దాగిందేమోనని ఒక్క దెబ్బ, అంతే! ఇక్కడ సీజర్ చెల్లలేదు, నీ తెలుపు చెల్లింది. నీ తూకం చెల్లింది. వెండిని వెంట్రుకంత తీగగా సాగదీసి, పూలుగా, నెమళ్లుగా అల్లే కరీంనగర్ ఫిలిగ్రీ పనివారి ముందు పెడితే, వాళ్లూ మొదట నీ మేలిమినే చూస్తారు.

అయినా మోహినివే నువ్వు! శాతవాహన రాజులూ చివరికి వెండి మీద తమ మొహాలు ముద్రించుకున్నారు. పశ్చిమ క్షత్రపులను చూసి నేర్చారంటారు పండితులు, అననీ. ఆ మెరుపులో నీ వాటా నేను వదులుకోను. కానీ ఏం పంతం వాళ్లది! రాజు తల ఉన్న వైపు ప్రాకృతం చెక్కించి, వెనుక వైపు దక్షిణాది పలుకునూ పక్కకు పోనివ్వకుండా చెక్కించారు.