లెక్కగట్టే కంప్యూటరూ, చదివిపెట్టే కంప్యూటరూ

వికలాంగులకి కంప్యూటర్ వరమని రాసే వ్యాసాలకి తెలుగులో కొదవలేదు. ఆ కంప్యూటర్ యెవరి చేతిలో వుందన్న ప్రశ్న మాత్రం వాటిలో కనబడదు. ఐ.పోలవరం మండలంలోని పేటల్నే తీసుకుందాం. అక్కడి వికలాంగులు తప్పించుకోలేని కంప్యూటర్ సదరం శిబిరంలోది. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ మనిషి వైకల్యాన్ని శాతాల్లో తేలుస్తుంది. 40 శాతం వుంటే పింఛన్, లేకపోతే లేదు. 2024లో ఆ పింఛన్ 6,000 రూపాయలయింది. దీని వెనక మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగుల హక్కుల పోరాట సమితి చేసిన పోరాటాలున్నాయి. వాటిని మేం తక్కువ చేయడం లేదు. అయితే పింఛన్‌తోనే హక్కుల చర్చ ముగిసిపోవాలా?

చదివిపెట్టే కంప్యూటర్ కూడా వుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకులు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ తెరమీది అక్షరాల్ని గొంతుతో వినిపిస్తుంది. పైసా ఖర్చులేదు. తెలుగూ చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ కూడా ఆ పనే చేస్తుంది.

మరి అడ్డమెక్కడ? మన అచ్చులోనే వుంది. మన పుస్తకాలు చాలావరకు అను వంటి పాత ఫాంట్లలో కంపోజయినవి. కంటికి కనబడేది తెలుగే అయినా లోపల వున్నవి ఇంగ్లీషు సంకేతాలు. అందుకే యంత్రం అర్థంలేని మోతేదో వినిపిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే వుత్త బొమ్మ, అక్షరాలుగా మార్చందే అందులో చదవడానికేమీ దొరకదు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి చోటు దక్కినా మన ప్రచురణకర్తల్లో చాలామందికి అది పట్టలేదు. దళిత పత్రికలు ఇందుకు మినహాయింపేమీ కాదు.

ఈ కోనసీమ మామిడికుదురులోనే 1911లో బోయి భీమన్న పుట్టారు. ఆయన ‘పాలేరు’ నాటకంలో చదువుకున్న పాలేరు అధికారి అవుతాడు. చదువే విముక్తి అని నమ్మిన ఆ నాటకం చూపులేని మాలమాదిగ పిల్లవాడికి అందకపోతే దాన్నేమనాలి? గుడి బయట నిలబెట్టడాన్ని ప్రశ్నించిన మనం పుస్తకం బయట నిలబెట్టడాన్నీ ప్రశ్నించాల్సి వుంది.

చట్టం అడ్డురాదు. 2012 కాపీరైట్ సవరణ వికలాంగులు చదవగలిగే రూపంలోకి పుస్తకాల్ని మార్చుకోనిస్తుంది. సమాచార సాంకేతికత అందుబాటులో వుండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం అంటోంది. కళ్ళార్పితేనే కేవైసీ అనే పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితులు కోర్టుకెళితే, డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చింది.

హరిజనులన్నంత మాత్రాన అంటరానితనం పోలేదు. దివ్యాంగులన్నంత మాత్రాన పుస్తకం చేతికి రాదు. కావలసింది పెద్ద పేరు కాదు. అచ్చువేసే ప్రతి పుస్తకానికీ, ప్రతి సంచికకీ ఒక యూనికోడ్ ప్రతి వుండాలి. ఈ పనికి సర్కారు జీవో కోసం చూడనక్కర్లేదు. దళిత పత్రికలే మొదలుపెట్టాలి.