పాత బండి, సొంత పానా

కాశీబుగ్గలో సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాడికి రెండే దారులు. నెలకోసారి మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని చేతి చమురు వదిలించుకోవడం ఒకటి, ఆ చమురేదో తన చేతికే పూసుకోవడం రెండోది. రెండో దారి పట్టినవాళ్ళంటే నాకు తగని అభిమానం. దాన్ని దాచుకోను.

1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 మన రోడ్లెక్కాయి. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఆర్‌ఎక్స్ మోత మీద మోజున్నవాళ్ళు తిట్టుకున్నా సరే, చేతిపని నేర్చుకోవడానికి కార్బురేటర్ స్ప్లెండర్‌ని మించిన బడి లేదు. 97.2 సీసీ, ఒకటే సిలిండరు, ముందుకు పడుకున్న ఇంజిను. ప్లగ్గూ ట్యాపెట్లూ ట్యాంకు దింపకుండానే చేతికందుతాయి.

మొదట ప్లగ్గు విప్పి చూడాలి. ఇంజిను జాతకం దాని మొనమీదే ఉంటుంది. కాఫీ పొడి రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తడితడిగా, జిడ్డుగా నల్లబడిందంటే రింగులో వాల్వ్ సీళ్ళో అరిగి ఇంజిన్ ఆయిల్ పైకొస్తోంది. తెల్లగా పాలిపోయిందంటే పెట్రోలు చాలక వేడెక్కుతోంది. బండి కొనేముందు అమ్మేవాడి మాటలు వినడం కంటే ప్లగ్గు విప్పించి చూడటం మేలు.

అసలు విద్య ట్యాపెట్లు కట్టడంలో, అంటే వాల్వుల సందు సరిచేయడంలో ఉంది. బండి రాత్రంతా చల్లారాక, పొద్దున్నే కిక్కు కొట్టకముందే మొదలుపెట్టాలి. ఎడమ పక్క మూత తీసి, మాగ్నెట్ మీది ‘టీ’ గుర్తు గాటుకి ఎదురొచ్చేలా తిప్పాలి. రెండు ట్యాపెట్లూ వదులుగా ఆడితేనే పిస్టన్ సరైన చోట ఉన్నట్టు. బిగుసుకుని ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి. ఆ పైన ఫీలర్ గేజి రేకు దూర్చి, మరను పట్టుకుని, నట్టు బిగించాలి. వదులైతే టకటక చప్పుడు చేస్తుంది. బిగువైతే చప్పుడుండదు, మనం మురిసిపోతాం, ఈలోగా వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. నిశ్శబ్దంగా ఉంటే బాగున్నట్టేనన్న భ్రమ ఈ పనిలో చెల్లదు.

మన పాత మేస్త్రీలకు ఆ రేకు కూడా అక్కర్లేదు. ట్యాపెట్‌ని రెండు వేళ్ళతో కదిపి ఎంత సందుందో చెప్పేవాళ్ళున్నారు. బండి సందు మలుపు తిరుగుతుండగానే, “ఏటి బావూ, చైను ఏడుస్తందేటి?” అని లోపలినుంచి కేకేసే చెవులున్నాయి. చిల్లు పడ్డ సైలెన్సరుకి అతుకేసి, అతుకెక్కడుందో పోల్చుకోమని సవాలు చేసే చేతులున్నాయి. వాళ్ళకి బిరుదులివ్వని సభలెందుకు?

మా ఉద్దానం తీరంలో బండికి ఇంకో శత్రువుంది, ఉప్పుగాలి. వజ్రపుకొత్తూరు, బారువ వైపు తిరిగే బండికి స్పోకులు, సైలెన్సరు, క్లచ్ వైరు ముందుగా తుప్పుపడతాయి. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వైరులో నాలుగు చుక్కల నూనె వదలడం ఇక్కడ సోకు కాదు, అవసరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని చీల్చినప్పటిలా నీళ్ళు ముంచెత్తితే, మునిగిన బండిని ఆత్రంగా కిక్కు కొట్టకూడదు. ప్లగ్గు తీసి, ఆయిలంతా దింపి, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి, అప్పుడు మెల్లగా కిక్కు తొక్కితే సిలిండర్లో నీళ్ళు బయటికి చిమ్ముతాయి. ఈ ఓపిక లేక కనెక్టింగ్ రాడ్లు వంచుకున్నవాళ్ళుంటారు.

పలాస జీడిపరిశ్రమ సంగతి అందరికీ తెలుసు. కానీ జీడితొక్క నూనెతో చేసే రెసిన్లు బ్రేక్ లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో వాడతారని ఎంతమందికి తెలుసు? అలాంటి ఊళ్ళోనే, పేరున్న కంపెనీ అట్టపెట్టెను అచ్చు గుద్దినట్టు దింపిన డూప్లికేట్ బ్రేక్ షూలు కొంటున్నాం. వానలో, హైవే మీద లారీ వెనకాల, లైనింగు ఊడి చేతికొస్తే దాని ఖరీదెంత? మెత్తటి ఇనుముతో చేసిన చైను సెట్టు నాలుగు నెలలకే సాగిపోతుంది. ఇది వ్యాపారం కాదు, మోసం. తెలిసి అంటగట్టేవాడికీ, నలభై రూపాయలు మిగిలాయని మురిసేవాడికీ అందులో వాటా ఉంది.

చేతిపనిని చిన్నచూపు చూసేవాళ్ళకి ఇద్దరి పేర్లు చెబుతాను. హోండా కంపెనీ పెట్టిన సోయిచిరో హోండా టోక్యోలో ఓ రిపేరు షాపు కుర్రాడు. న్యూజిలాండు బర్ట్ మన్రో, 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండికి తన షెడ్డులోనే పిస్టన్లు పోతపోసుకుని, 1967లో 68 ఏళ్ళ వయసులో ప్రపంచ వేగ రికార్డు కొట్టాడు.

సీడీ 100 వచ్చిన కొత్తలో, పెట్రోలు పోసి మరిచిపొమ్మన్నాయి ప్రకటనలు. మనం మరీ మాట విన్నాం, ఆయిలు మార్చడమే మరిచాం! 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చి కొత్త బళ్ళలో కార్బురేటరే పోయింది. పొగ తగ్గడం మంచిదే, కాదనను. కానీ దాంతోపాటు ఈ విద్యకూడా పోవాలా? ఆయిలు, చైను, బ్రేకు, ప్లగ్గు కొత్త బండిలోనూ మన చేతిలోవే.

అందుకే నా మనవి. ఉద్దానం హైస్కూళ్ళలో పిల్లలకి పానా పట్టడం నేర్పండి. అందుకు మేస్త్రీలనే పిలవండి, గౌరవంగా, డబ్బిచ్చి. తీసిన పాత ఆయిల్ని ఇసుకలో ఒంపకండి, అసలే మంచినీటికి అల్లాడిన నేల ఇది. ఇక బండి ఉన్న ప్రతివాడూ వచ్చే ఆదివారం కనీసం ప్లగ్గొక్కటైనా విప్పాలి. అదికూడా చేతకాదంటే, బండి మనదని చెప్పుకోవడానికి ఆర్‌సీ బుక్కు తప్ప మరో రుజువు లేనట్టే.