స్థాయి పెంచితే శ్రుతి మార్చినట్లేనా?

విద్యుత్ గిటారు స్వరాన్ని పై స్థాయికి ఎత్తే పరికరాలలో ‘ఆక్టేవియా’ ప్రసిద్ధమైనది. ఆంగ్లేయుడైన రోజర్ మేయర్ దీనిని నిర్మించగా, జిమీ హెండ్రిక్స్ 1967లో ‘పర్పుల్ హేజ్’ పాటలో వాయించి వినిపించాడు. ఇట్టి వలయాలను శ్రుతి మార్చే యంత్రాలని పొగడేవారున్నారు. ఆ పేరు వీటికి తగునా?

పనితీరు ముచ్చటైనదే. తరంగంలో ఋణ దిశకు దిగిన సగాన్ని డయోడులు తిరగవేసి ధన దిశకు తెస్తాయి. ఒక్క శిఖరమున్న చోట రెండు ఏర్పడతాయి. 220 హెర్ట్జ్‌ల స్వరం 440గా వినబడుతుంది. ఇంత స్వల్ప సామగ్రితో ఇంత పని జరగడం మెచ్చదగినది. అయితే గిటారు మెడవైపు పికప్‌ను ఎంచుకొని, పన్నెండవ మెట్టుకు పైన వాయించినప్పుడే ఫలితం స్పష్టం. అనుస్వరాలు తక్కువగా ఉండి తరంగం నునుపుగా ఉండేది అక్కడనే.

అసలు పరీక్ష రెండు తీగలను కలిపి మీటడం. షడ్జం 220, అంతర గాంధారం 275 అనుకుందాం. రావలసినవి 440, 550. కాని వలయం రెండింటి మొత్తమైన 495ను, భేదమైన 55ను కూడా పుట్టిస్తుంది. తార షడ్జమైన 440కి 495 చతుశ్రుతి రిషభం! వాయించినవాడు దానిని తాకనే లేదు. ఇది శ్రుతి మార్చడం కాదు, కొత్త నాదాన్ని కలపడం. ఆ దృష్టితో చూస్తే ఆక్టేవియా గొప్పదే.

హరాల్డ్ బోడే రూపొందించిన ఫ్రీక్వెన్సీ షిఫ్టరుదీ మరొక చిక్కు. అది ప్రతి అంశానికీ ఒకే సంఖ్యను కూడుతుంది. 200, 400, 600లకు 30 కలిపితే 230, 430, 630. ఇవి 230కి గుణిజాలు కావు. వినడానికి గంట మోగినట్లుంటుంది. శ్రుతికి కావలసినది కూడిక కాదు, గుణకారం.

ఆ గుణకారాన్ని నిజంగా చేయగలది 1969లో ఫిలిప్స్ ప్రయోగశాలలో సాంగ్‌స్టర్, టీర్ వెల్లడించిన బకెట్ బ్రిగేడ్ పద్ధతి. నిప్పంటుకున్న ఇంటికి నీళ్ళ బిందెలు చేతులు మారినట్లు విద్యుదావేశం కెపాసిటరు నుంచి కెపాసిటరుకు సాగుతుంది. సాగే వేగాన్ని క్రమంగా పెంచుతూ పోతే అంశాలన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. కాని వేగాన్ని ఎల్లకాలం పెంచలేము గదా! అందుచేత రెండు వరుసలను వంతులవారీగా వాడి అతకాలి. ఆ అతుకు చెవికి తెలుస్తుంది. 1975 నాటి ఈవెంటైడ్ హెచ్ 910 సంఖ్యారూప జ్ఞాపక కోశాన్ని వాడినా, ఆ అతుకు దానిలోనూ వినబడింది.