సాంబారా, సాంభారా?

కోయంబత్తూరున నొక వివాహపు విందులో విస్తరుల చెంత తెలుగులిపిలో ముద్రించిన పదార్థపట్టిక నుంచిరి. తెలుగు వారింట తెలుగక్షరము కానవచ్చుట సంతోషింపదగినదే. కాని యందు ‘సాంభారు’ అని భకారముతో నుండెను. పంక్తిలో నొక వృద్ధురాలు, తెలుగు ఇంటిభాషగా గలదియే యైనను తెలుగక్షర మొక్కటియు నెరుగనిది, ‘సాంబారు’ వడ్డింపుమని యడిగెను. చెంతనున్న మనుమరాలు పట్టికను జూపి, “అవ్వా, అది సాంభారు” అని దిద్దినది. ముదుసలి సిగ్గుపడి మరల నోరెత్తలేదు. ఇందు ఒప్పు పలికిన దామె. తప్పు చదివినది పట్టిక.

సంస్కృతమున ‘సంభారము’ అనగా సమకూర్చిన సామగ్రి. అది తెలుగున ‘సంబారము’గా మారి, వంటలో వేయు ధనియములు, మిరియములు, ఆవాలు మున్నగు దినుసులకు పేరైనది. తమిళమునందును ఆ యర్థముననే యీ పదము కలదు. ఈ మార్పు తెలుగు స్వభావమునకు తగినట్టిదే. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి తెలుగునకు ముప్పదియారు వర్ణములనే చెప్పి, ఖకార భకారాది ఒత్తక్షరములను సంస్కృతపదములతో వచ్చినవానిగా వేరుపరచెను. భిక్షము బిచ్చమైనది, స్తంభము కంబమైనది. బిచ్చమును ‘భిచ్చ’ మని వ్రాయువారు లేరు గదా! కోయంబత్తూరును ‘కోయంభత్తూ’ రనువారు నింకను పుట్టలేదు. అయినను ఊరిపేరులయం దీ చాపల్యము లేకపోలేదు. ఆంధ్రప్రదేశములోని యొక పట్టణమును మనము ‘కంభ’ మని వ్రాయుచున్నాము. పూర్వపు మధుర జిల్లాలోని అదే ధ్వనిగల ఊరు తమిళలిపిలో భకారము లేకపోవుటచే ‘కంబ’ముగానే నిలిచినది.

మూలమున భకార మున్నది కావున ‘సాంభా’ రనుటయే శుద్ధరూపమని కొందరు వాదింతురు. కోయంబత్తూరునకు పడమట కనుమ దాటినచో మలయాళమున మసాలా కలిపిన మజ్జిగను ‘సంభారము’ అని భకారముతోనే వ్రాయుటను సాక్ష్యముగా జూపుదురు. ఈ వాదము వినుట కింపైనదే కాని నిలువదు. మలయాళము ఆ పదమును తత్సమముగా నిలుపుకొన్నది. తెలుగు తద్భవముగా చేసికొన్నది. తద్భవమునకు మూలాక్షరమును మరల తగిలించుట, తెగి కుట్టిన వస్త్రమును తిరిగి తానుగా చేయబూనుట వంటిది. నిజమునకు ‘సాంభారు’ వ్రాయువారిలో పెక్కురు మూలమును విచారించి వ్రాయుట లేదు. ఉత్తరదేశపు భోజనశాలలు రాజస్థానమునందలి ఉప్పుసరస్సు పేరువలె ఈ వంటకమును ‘సాంభర్’ అని వ్రాయగా, అది ఆంగ్లాక్షరములలో చేరి, అందుండి మన లిపికి తిరిగివచ్చినది. ఒత్తక్షరము గౌరవ మను భ్రమయు దీనికి తోడు. ‘బాధ’ను ‘భాద’ యని వ్రాయుచేతులే యిందును పనిచేయుచున్నవి.

తంజావూరి మహారాష్ట్రప్రభువు శాహజీ వంటశాలలో ఈ వంటకము పుట్టెననియు, అతిథియైన శంభాజీ పేర వెలసెననియు నొక కథ గలదు. భకారమునకు దీని నాధారముగా జూపువారు నున్నారు. కథ ముచ్చటైనది, ఆధారము మాత్రము లేదు. శాహజీ రాజ్యమునకు వచ్చినది 1684లో. 1530 నాటి తమిళశాసనముననే సంబారపదము భోజనసంబంధముగా నున్నది. ఆ శాసనము నేటి పప్పుపులుసును చెప్పుచున్నదని నేననను. పదము మాత్రము శంభాజీకంటె పాతదని దానివలన తేలుచున్నది. తెలుగున యక్షగానములు రచించిన ఆ శాహజీకి ఈ కీర్తి లేకున్నను లోటు లేదు.

ఇక మన యిండ్లవిషయము. మధురలో 1529 ప్రాంతమున విశ్వనాథనాయకునితో మొదలైన నాయకరాజ్యము 1736లో ముగిసినది. రాజ్యము పోయినను భాష యిండ్లలో నిలిచినది. లిపి మాత్రము నిలువలేదు. బడిలో తమిళము, ఇంట తెలుగు: ఇదియే పెక్కుతరముల నడక. 2006 నాటి చట్టముతో తమిళనాట ఒకటవ తరగతి మొదలు తమిళము విధిగా నేర్వవలసిన దైనది. కావున తెలుగుమాటను వ్రాసికొన దలచిన యిల్లాలు తమిళాక్షరములనే యాశ్రయించును. తమిళమున ప, బ, భ లకు నొకటే యక్షరము. మకారము పిదప వచ్చినచో అది బకారముగా పలుకబడును. అందుచే సాంబారు ఆ లిపిలో చెక్కుచెదరక నిలుచును. అక్షరసంపద గల మనమే దానిని చెరుపుచున్నాము!

అయినను తమిళలిపి అన్నిటను మేలుచేయునని తలపరాదు. పదాదిని వచ్చిన ఆ యక్షరము, పరిచితములగు అన్యదేశ్యములయందు దప్ప, పకారముగానే చదువబడును. ద్విత్వమైనచో నెల్లపుడు పరుషమే. కావున బూరె ‘పూరె’ యగును. గారె ‘కారె’ యై కారపు వంటకమేమో యను శంక గొల్పును. బొబ్బట్టు ‘పొప్పట్టు’ అగును. చారు మరియు చిత్రము. పదాది చకారమును తమిళులు తరచుగా సకారముగా పలుకుదురు గనుక అది ‘సారు’ అగును. అన్నములో ఉపాధ్యాయుని కలుపుకొన్నట్లుండును. అవ్వనోట విన్న బిడ్డ యీ మాటలను సరిగా పలుకును. చీటిలో మాత్రమే చూచిన బిడ్డ పలుకజాలదు.

కావున సంఘములవారు వంటల పుస్తకము లచ్చువేయునపుడు ఒక పని చేయవలెను. వంటకముల పేరులను పట్టణపు పట్టికలనుండి గాక, పీళమేడులోను, సూలూరిలోను, మధుర ప్రాంతపు పల్లెలలోను తెలుగు మాటలాడు వృద్ధులనోట విని, తెలుగులిపిలో నెక్కించి, వ్రాసినదానిని వారియెదుటనే చదివి వినిపింపవలెను. చదివినది విని ముదుసలి తల యడ్డముగా నూపినచో, దిద్దవలసినది వ్రాతనే.