నాస్తికుడు ఏ మతం వాడు?

బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పిన గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. జనం తిట్టుగా వాడే మాటనే ఏరి కోరి బోర్డు మీద రాయించారు. ధర్మశాస్త్రాల లెక్కలో నాస్తికుడంటే వేదాన్ని నిందించేవాడు. దేవుడి సంగతి తర్వాత. ఆ లెక్కన బౌద్ధులూ జైనులూ నాస్తికులే. ఐదు పూటలా నమాజు చదివిన మా తాతలూ నాస్తికులే కావాలి! గోరా ఆ మాటను కడిగి, మనిషి తన కాళ్ల మీద తాను నిలబడటం అనే అర్థమిచ్చారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో నాస్తిక కేంద్రం చేసిన సేవ, ఎన్నో వాదనల కంటే ఆ మాటకు ఎక్కువ గౌరవం తెచ్చిందని మేం అనుకుంటాం.

అయినా ఆ మాట మా ఇళ్లలోకి రాలేదు. ఉర్దూలో మాకున్నవి బేదీన్, ముల్హిద్, దహరియా. బేదీన్ అంటే నీతి లేనివాడని కూడా. ముల్హిద్ దారి తప్పినవాడు. దహరియా కాలాన్ని తప్ప దేన్నీ ఒప్పుకోనివాడు. అందమైన మాటే, పుస్తకం దాటి రాదు. (లామజహబ్ అని ఒకటుంది. దాన్ని నమాజు తప్పని అహలె హదీసుల మీదే విసురుతారు!) తెలుగే ఇంటిభాషగా ఉన్న నూర్‌బాషాలు "వాడు నమాజు చదవడు" అని ఊరుకుంటారు. నమ్ముతున్నావా అని ఎవరూ అడగరు. ఆ అడగకపోవడంలోనే కాస్త ఊపిరాడే చోటుంది.

గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి పోట్లాడింది పురాణాలతో. అది ఇంటి పోట్లాట. అందులో తెలుగు హేతువాదానికి భాష దొరికింది, మాకు దొరకలేదు. గోరా అనే రెండక్షరాల్లో గోపరాజు రామచంద్రరావు ఉన్నాడు. రాముడున్నాడని ఎవరూ ఆక్షేపించలేదు. మరి అబ్దుల్లా? అల్లా దాసుడని పేరే చెబుతోంది. వాడు వేదికెక్కి దేవుడు లేడన్నా "ముస్లిం నాస్తికుడు" అనే పరిచయం చేస్తారు. "హిందూ నాస్తికుడు" అన్న మాట ఏ కరపత్రంలోనూ మేం చూడలేదు.

1972లో గోరా బెజవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి తినే కార్యక్రమం పెట్టారు. పళ్లెంలో సమానత్వం బాగానే ఉంది. కానీ మాలో దేవుణ్ణి ఎప్పుడో వదిలేసినవాడు కూడా పందిమాంసం ముట్టడు. అది ఈమాన్ కాదు, నాలుక. గుడ్డు వాసన కూడా పడని నాస్తికులు సభల్లో ఎందరు లేరు? వాళ్లది రుచి అంటారు, మాది మతం అంటారు. సెక్యులర్ మిత్రులు ఈ తేడా గురించి ఎప్పుడైనా మాట్లాడితే వినాలని ఉంది.

2011 జనాభా లెక్కల్లో దాదాపు 28.7 లక్షల మంది "మతం చెప్పనివారు"గా తేలారు. లేనివారు కాదు, చెప్పనివారు. మా వీధుల్లో ఆ గడి నింపడానికి అడగక్కర్లేదు, పేరు వింటే చాలు.