పొగ ఎటు పోతోంది?

చలికాలం బొమ్మ అనగానే చాలామంది తెల్లరంగు సీసా మూత తీస్తారు. మంచు కురిసే దేశాల్లో కూడా చలి తెల్లగా ఉండదు. క్లాడ్ మొనే 1868-69 చలికాలంలో ఫ్రాన్స్‌లోని ఎత్రెతా దగ్గర గీసిన ‘మ్యాగ్‌పై’ చూడండి. దడి తలుపు మీద ఒంటి పిట్ట, మంచు మీద దడి నీడ. ఆ నీడ నీలం. చలంతా అందులోనే ఉంది. 1869లో పారిస్ సలోన్ చిత్రప్రదర్శన వాళ్లు ఆ బొమ్మను తిప్పిపంపారు. ఇప్పుడది ఓర్సే మ్యూజియంలో ఉంది.

మనకు ఆ మంచు లేదు. మన చలిని పట్టిచ్చేది పొగ. డిసెంబరు తెల్లారుజామున ఊరి పొలిమేరలో నిలబడి చూడండి, పొయ్యి పొగ కాస్త ఎత్తుకు లేచి అక్కడే అడ్డంగా పరుచుకుంటుంది. రాత్రంతా నేల చల్లబడటంతో దాన్ని అంటుకున్న గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. దానిపైన వెచ్చటి గాలి మూతపెట్టినట్టు ఉండి, పొగను పైకి పోనివ్వదు. వరి కొయ్యకాళ్లు, గడ్డివాము, తాటిచెట్లు అన్నీ కుదిరి, పొగ మాత్రం నిట్టనిలువుగా లేచిన బొమ్మలు ప్రదర్శనల్లో ఎన్నో కనిపిస్తాయి. అవి ఏ కాలానివైనా కావచ్చు గానీ చలికాలానివి కావు.

వాటర్ కలర్ వేసేవాళ్లకు చలికాలమే సాయం చేస్తుంది. మేలో కాగితం మీద నీళ్లు పెట్టి కుంచె మార్చేలోపే ఆరిపోతుంది. డిసెంబరు పొద్దున తడి నిలుస్తుంది. తడి కాగితాన్ని ఏటవాలుగా చూస్తూ ఉండాలి. మెరుపు తగ్గబోతుండగా దూరపు చెట్ల వరసను అద్దితే అంచులు వాటంతటవే మంచులో కరుగుతాయి. తొందరపడితే రంగు పారిపోతుంది, ఆలస్యమైతే అంచు గీత గీసినట్టు తేలుతుంది. బూడిదరంగు ట్యూబులో కొనకండి. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే చాలు. దూరానికి నీలం ఎక్కువ, దగ్గరికి మట్టిరంగు ఎక్కువ. పొగమంచు కోసం కాగితాన్నే వదిలెయ్యాలి. పైన పోస్టర్ వైట్ పూస్తే సున్నం కొట్టినట్టుంటుంది.

ఒక్క అరకు దగ్గరే చిక్కు. అక్కడ చలికాలం రంగు పసుపు. కొండవాలంతా వలిసె పూలు. అది గీస్తే చూసినవాళ్లు వసంతమా అంటారు. అయినా నేను పసుపు మానను. దూరపు మడుల్లో దానికి వయొలెట్ చుక్క కలిపి వేడి విరుస్తాను, ముందు మడిని మాత్రం ముట్టుకోను.