చెరిగిపోయే ఉత్తరం: ‘సైలెంట్ హిల్ 2’లో జ్ఞాపకం, సందిగ్ధ పాత్రలు

జపాన్‌కు చెందిన కోనామి సంస్థ 2001లో విడుదల చేసిన వీడియో గేమ్ ‘సైలెంట్ హిల్ 2’ 2024లో పునర్నిర్మితమై రావడంతో దాని అర్థాన్ని గురించిన చర్చ మళ్ళీ మొదలైంది. కథానాయకుడు జేమ్స్ సండర్లాండ్‌కు భార్య మేరీ నుంచి ఉత్తరం వస్తుంది. తామిద్దరూ ఒకప్పుడు సంతోషంగా గడిపిన సైలెంట్ హిల్ పట్టణంలో అతని కోసం ఎదురుచూస్తున్నానని ఆమె రాస్తుంది. మేరీ మూడేళ్ళ క్రితమే జబ్బుతో మరణించిందని జేమ్స్ నమ్మకం.

వేన్ బూత్ 1961లో ప్రవేశపెట్టిన ‘అవిశ్వసనీయ కథకుడు’ అన్న భావనను జేమ్స్‌కు అన్వయించడం పరిపాటి. ఈ అన్వయం సులభమైనదే గాని సరిపోదు. కథకుణ్ణి నమ్మాలా వద్దా అన్న ప్రశ్న రావాలంటే ముందు అతడు కథ చెప్పాలి. నవీన్ ‘అంపశయ్య’ (1969)లో రవి మనస్సు వాక్యప్రవాహంగా పాఠకునికి అందుతుంది. జేమ్స్ అలా తన మనస్సును విప్పి చెప్పడు. అతని మాటలు పొడిపొడిగా ఉంటాయి. అతని జ్ఞాపకంలోని లోపం వస్తువులలో బయటపడుతుంది. ఆడేవారి సామగ్రిలో మేరీ ఉత్తరం మొదటినుంచీ ఉంటుంది. కథ ముందుకు సాగిన తరువాత తెరిచి చూస్తే అక్షరాలు మాయమై, తెల్లకాగితం మిగులుతుంది. చివరకు కవరు కూడా కనిపించదు. ఉత్తరాన్ని తమంతట తాము మళ్ళీ తీసి చూసినవారికే ఈ మార్పు తెలుస్తుంది.

‘మూడేళ్ళు’ అన్న లెక్కను తలకిందులు చేసేది లారా అనే చిన్నపిల్ల. ఆసుపత్రిలో మేరీకి చేరువైన ఈ అమ్మాయి తాను ఆమెను కిందటి ఏడాదే కలిశానంటుంది. లారా ఎనిమిదో పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెబుతూ మేరీ రాసిన ఉత్తరం ఆమె దగ్గర ఉంది. ఆ పుట్టినరోజు గడిచి వారం మాత్రమే అయింది. కాబట్టి మేరీ మరణించి మూడేళ్ళు కావడం అసాధ్యం. జబ్బు ముదిరిన నాటినుంచే జేమ్స్ భార్యను పోయినదానిగా లెక్కవేసుకున్నాడనే పఠనానికి ఇక్కడ ఆస్కారముంది. అబద్ధం కన్నా ఇది క్రూరమైనది.

లేక్‌వ్యూ హోటల్ 312వ గదిలోని వీడియోటేపు జరిగినదాన్ని చూపిస్తుంది: మంచాన పడిన మేరీ ముఖాన దిండు అదిమి చంపినది జేమ్సే. ఇంతటితో రహస్యం వీడిందని చాలా విశ్లేషణలు ముగుస్తాయి. నిజానికి టేపు తేల్చినది చర్యను మాత్రమే. కారణం తేలలేదు. ‘లీవ్’ అనే ముగింపులో జేమ్స్ మొదట ఆమె బాధ చూడలేకపోయానంటాడు. వెంటనే ఆ మాటను ఖండించుకుని, ఆమెను ద్వేషించాననీ, తన జీవితం తనకు తిరిగి కావాలనుకున్నాననీ ఒప్పుకుంటాడు. అదే నిజమైతే ఆ ముఖంలో ఇంత దుఃఖమెందుకని మేరీ అడుగుతుంది. కరుణ, కసి రెండూ ఉన్నాయన్నది ఒక్కటే ఇక్కడ తేలుతుంది.

ఏ ముగింపు వస్తుందన్నది ఆడేవారి చిన్నచిన్న చేష్టలను బట్టి ఉంటుంది. గాయాలకు చికిత్స చేయకుండా తిరగడం, ఏంజెలా ఇచ్చిన కత్తిని తీసి చూడడం జేమ్స్‌ను ఆత్మహత్య వైపు నడిపిస్తాయి. మేరీ పోలికలతో ఎదురయ్యే మరియాను కనిపెట్టుకుని ఉంటే కథ మరో దారి పడుతుంది. ఇవి లెక్కలోకి వస్తున్నాయని ఆట ఎక్కడా చెప్పదు. అంటే జేమ్స్ మనస్సుకు సాక్ష్యం ఆడేవారి అలవాట్లలోంచి సేకరింపబడుతోంది. (మార్గదర్శిని చూసి కోరిన ముగింపు రాబట్టుకునేవారికి ఈ అనుభవం దక్కదు.)

పట్టణమంతా జేమ్స్ భ్రమేనన్న వాదం ఏంజెలా దగ్గర నిలవదు. తండ్రి అత్యాచారాలకు బలైన ఆమె మంటలు కమ్మిన మెట్ల మీద నిలబడినప్పుడు ఆ వేడి జేమ్స్‌కూ తగులుతుంది. తనకది ఎప్పుడూ ఇంతేనంటుంది ఆమె. ఒకరి నరకంలోకి మరొకరు అడుగుపెట్టగల స్థలమది. పిరమిడ్ హెడ్ విషయం వేరు. తనను శిక్షించేవారు కావాలనే తన అవసరం నుంచే అది వచ్చిందని జేమ్స్ స్వయంగా గుర్తిస్తాడు. అందుకే జేమ్స్ లేని 2006 నాటి చలనచిత్రంలో ఆ రూపం వట్టి రాక్షసిగానే మిగిలింది.

అన్నిటికన్నా చిక్కైన పాత్ర మరియా. ఆమెను జేమ్స్ కోరిక కల్పించిన బొమ్మగా కొట్టివేయడం తొందరపాటు. చెరసాల ఊచల వెనుక కూర్చుని, హోటల్లో తీసుకున్న వీడియోటేపును గురించి మేరీకి మాత్రమే తెలియవలసిన సంగతులు ఆమె చెబుతుంది. ఆ జ్ఞాపకం జేమ్స్‌దా, మేరీదా, పట్టణానిదా? తరువాతి కూర్పులలో చేరిన ‘బార్న్ ఫ్రమ్ ఎ విష్’ అనుబంధ కథలో జేమ్స్ ఎదురుపడకముందే ఆమె ఒంటరిగా, చేతిలో తుపాకీతో, బతకాలా వద్దా అని తర్కించుకుంటుంది. కల్పితమైనదానికీ చావంటే భయముంది. ఆమె పేరిట ఉన్న ముగింపులో జేమ్స్ ఆమెను వెంటబెట్టుకుని పట్టణం విడిచి వెళ్ళబోతాడు. కారు దగ్గరకు చేరేసరికి మరియా దగ్గుతుంది. ఆ దగ్గు సంగతి చూసుకోవాలంటాడు జేమ్స్.